2-డీజీ పొడికి అత్యవసర అనుమతి: తొందరపడ్డారా?

గోదారి_అబ్బాయి:
రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కలిసి తెచ్చిన కరోనా మందు 2-డీజీకి (2-డీఆక్సీ-డి-గ్లూకోజ్) 2021 మే 1న అత్యవసర అనుమతి వచ్చింది. మూడో దశ ట్రయల్‌లో ఉన్నది 220 మంది. మూడో రోజుకల్లా ఆక్సిజన్ అవసరం తీరినవాళ్లు మందు తీసుకున్నవారిలో 42 శాతం, తీసుకోనివారిలో 31 శాతమని ప్రకటించారు. పూర్తి వివరాలు ఏ జర్నల్‌లోనూ రాకముందే అనుమతి, ఆపైన అప్పట్లో సాచెట్ (ఒక్క పొడి ప్యాకెట్) 990 రూపాయలు. నా దృష్టిలో ఇది ముమ్మాటికీ తొందరపాటే.

ఫార్మసీ_అక్క:
తమ్ముడూ, అప్పుడు బెడ్ దొరకడమే గగనం. ఆక్సిజన్ ఒక్కరోజు ముందు తీసేయగలిగినా ఆ బెడ్ ఇంకొకరికి దక్కేది. పైగా ఇది గాలిలోంచి పుట్టిన మందు కాదు. గ్లూకోజ్‌లో రెండో కార్బన్ దగ్గరుండే ఆక్సిజన్ పరమాణువు ఇందులో ఉండదు, తేడా అంతే. కణం మామూలు గ్లూకోజే అనుకుని లోపలికి లాక్కుంటుంది. కణంలోని హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ దానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ తర్వాత పని ముందుకు సాగదు. వైరస్ సోకిన కణానికి శక్తి అందకుండా చేయాలన్నదే ఉద్దేశం. 2020లోనే మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ల్యాబ్‌లో పరీక్షించారు కూడా.

స్కాన్_రూమ్:
క్యాన్సర్ వెతికే పెట్ స్కాన్‌లో మేం రోజూ ఇంజెక్షన్‌గా ఇచ్చే ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక గ్లూకోజ్ దీనికి దగ్గరి చుట్టమే. రెండో కార్బన్ దగ్గర ఫ్లోరిన్-18 ఉంటుంది, 110 నిమిషాలకు దాని రేడియోధార్మికత సగమవుతుంది. పేషెంట్ పరగడుపున రావాలి, ముందు షుగర్ చూస్తాం, ఇంజెక్షన్ ఇచ్చాక గంటసేపు కదలకుండా పడుకోబెడతాం. నడిస్తే కండరాలే లాగేసుకుంటాయి. క్యాన్సర్ లేకపోయినా మెదడు మెరుస్తూ కనిపిస్తుంది, దాని తిండి గ్లూకోజే మరి. అంటే మామూలు కణాలూ దీన్ని లాక్కుంటాయి. అందుకే "స్కాన్‌లో ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు, భయం లేదు" అనే వాదన నాకు మింగుడుపడదు. మేం ఇచ్చేది లేశమంత. ట్రయల్ డోసు రోజుకి కిలో బరువుకు 90 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 5.4 గ్రాములు!

గోదారి_అబ్బాయి:
అదే నా బాధ కూడానండి. షుగర్ అదుపులో లేనివాళ్ల మీద, గుండె జబ్బు ముదిరినవాళ్ల మీద పరీక్షించలేదు, జాగ్రత్తగా వాడమని డీఆర్‌డీఓనే చెప్పింది. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకి స్టెరాయిడ్లు పడేవి, వాటితో షుగర్ ఎగబాకేది. వార్డులో సగటు పేషెంట్ అలాంటివాడే కదా?

ఫార్మసీ_అక్క:
ఆ మాట ఒప్పుకుంటాను. అయినా అనుమతి తప్పనను. మందుతో పాటే ట్రయల్ వివరాలన్నీ డాక్టర్ల ముందు పెట్టి ఉంటే, ఎవరికి ఇవ్వకూడదో వార్డులోనే తేల్చుకునేవాళ్లు. అది చేయకపోవడమే అన్యాయం.