పటాల దుకాణం మేడమీద చిత్రశాల: మొదటి ప్రదర్శనగా ఏది పెట్టాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి):
మా నాన్నగారి కాలం నుంచి పటాలు కట్టే దుకాణం నడుపుతున్నాము. దానిపైన ఖాళీగా ఉన్న గదిని చిన్న చిత్రశాలగా మార్చాలని ఉంది. ఏ సంస్థ అండా లేకుండా మొదలైన గ్యాలరీలు ఎలా నిలదొక్కుకున్నాయో, మొదటి ప్రదర్శనకు మన ప్రాంతపు కళల్లో దేన్ని ఎంచుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (కడప):
పటాల దుకాణం ఉండటమే మీకు కలిసొచ్చే విషయమండీ. బొంబాయిలో కేకూ గాంధీ 1941లో ప్రారంభించినది చట్రాల వ్యాపారమే. అప్పటి యువ చిత్రకారుల బొమ్మలను దుకాణంలోనే నలుగురికీ కనిపించేలా పెడుతూ వచ్చిన ఆయన, 1963లో భార్య ఖోర్షెద్‌తో కలిసి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ మొదటి అంతస్తులో గ్యాలరీ కెమోల్డ్ తెరిచారు. అది 2007లో ప్రెస్కాట్ రోడ్డుకు మారి నేటికీ నడుస్తోంది. చిత్రాలు అమ్ముడుపోని నెలలు తప్పక వస్తాయి కనుక, కింది దుకాణాన్ని మాత్రం మూయకండి.

సమాధానం 2 (ధర్మవరం):
నా ఓటు నిమ్మలకుంట తోలుబొమ్మలకే. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినా, మన పట్టణాల్లో ఆ బొమ్మలను ఎక్కువమంది చూసేది హస్తకళల దుకాణాల్లో, దీపాల తొడుగులుగానే. అయితే మీ వృత్తి అలవాటుకొద్దీ వాటిని అట్టకు అతికించి అద్దం బిగించారంటే బొమ్మ చచ్చిపోయినట్టే. మేకతోలును వెలుగు చొరబడేంత పలుచగా తయారుచేసి, నగలూ అంచులూ కనబడేలా చిల్లులు పొడిచి, రంగులద్దేది తెర వెనుక దీపం కోసమే కదా! అందువల్ల గది మధ్యలో తెల్లటి పల్చని గుడ్డ కట్టి, వెనుకనుంచి వేడి తక్కువగా ఉండే ఎల్‌ఈడీ దీపాలు పెట్టండి. వేడి తగిలితే తోలు ముడుచుకుంటుంది, ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. ఒక సాయంత్రమైనా ఆట ఆడించి, ఆ బృందానికి ముందే మాట్లాడుకున్న పారితోషికం ఇవ్వండి. మెడలో శాలువా వేసి పంపడం పారితోషికం కాదు.

సమాధానం 3 (కర్నూలు):
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. డబ్బు సంగతి కూడా తేల్చుకోండి. అమ్మిన ధరలో మూడో వంతు నుంచి సగం వరకు తీసుకునే గ్యాలరీలు ఉన్నాయి. మీరు ఎంత తీసుకున్నా సరే, ఆ మాట, బొమ్మ పాడైతే బాధ్యత ఎవరిదన్న మాట కాగితం మీద ఉండాలి. చిత్రాలు అమ్ముడై చెల్లాచెదురయ్యాక ప్రదర్శన జరిగిందనడానికి మిగిలేది మీ దగ్గరున్న రాతే. చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో చిన్న వయసులోనే కన్నుమూసినా, రాజమహేంద్రవరంలో ఆయన పేరిటి చిత్రశాలలో బొమ్మలు ఒకచోట ఉండబట్టే ఈనాడు ఆయన గురించి మాట్లాడగలుగుతున్నాము. అమ్మకాల గ్యాలరీకి ఆ వీలు ఉండదు. కనుక ప్రతి బొమ్మకూ ఫొటో, కొలతలు, చేసినవారి పేరు, ఊరు, కొన్నవారి వివరం ఒక పుస్తకంలో మొదటి రోజునుంచే ఎక్కించండి. ఆహ్వానపత్రికలు కూడా రెండేసి దాచండి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. తెర కట్టడానికి గది పొడవు సరిపోతుందో లేదో రేపు కొలిచి చూస్తాను. నిమ్మలకుంట వెళ్లేటప్పుడు ధర్మవరం వారు తోడు రాగలరా?