ఆటో టాప్‌అప్ గొట్టం సైఫనవకుండా ఏం చెయ్యాలి: వాల్వా, కన్నమా, టిన్ను కిందకి దించడమా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
ఆదివారం రాత్రి మా ఉప్పునీటి చేపల ట్యాంకులో జరిగింది చెప్తాను, దారి మీరు చెప్పండి. సంపు (ట్యాంకు కింద నీరు తిరిగే తొట్టి) పక్కన ఎత్తు స్టూలు మీద 20 లీటర్ల మంచినీళ్ల టిన్ను, అందులో చిన్న పంపు, సంపులో నీరు తగ్గితే ఆ పంపుని నడిపి, నిండితే ఆపే ఫ్లోట్ స్విచ్చి. ఇదే ఆటో టాప్‌అప్. ఆవిరైనంత నీరే సంపులో పడాలి. పొద్దున్న చూస్తే పంపు ఆగే ఉంది, స్విచ్చి పైకి తేలే ఉంది, టిన్ను మాత్రం ఖాళీ. గొట్టం సైఫనైపోయి రాత్రంతా లాగీసింది. సంపు 60×30 సెంటీమీటర్లు. నీరు 11 సెంటీమీటర్లు పైకి వచ్చీసి, అంచుకి రెండు వేళ్ల దూరంలో ఆగింది. మొత్తం కలిపి 100 లీటర్ల నీరు మాది, ఉప్పు వెయ్యికి 35 పాళ్ల నుంచి 29కి పడిపోయింది. క్లౌన్ చేపలు బాగానే తిరుగుతున్నాయి. జోయాంథస్ (పగడంలాంటి జీవి) మాత్రం ముడుచుకుపోయి, ఇవాళ మూడో రోజైనా విచ్చుకోలేదు. నీటిని ఒకవైపే పోనిచ్చే నాన్‌రిటర్న్ వాల్వు పెడితే సరిపోతుందా?

కోట వెనక వీధి (విజయనగరం)
పెట్టండి. రెండేళ్లుగా నాది వాల్వుతోనే నడుస్తోంది, చుక్క వెనక్కి రాలేదు. గొట్టానికి కన్నం పెట్టమని కొందరంటారు, నేను ఒప్పుకోను. పంపు నడిచినప్పుడల్లా నీరు చిమ్మి గోడంతా తడుస్తుంది, పక్కన స్విచ్‌బోర్డుంటే ప్రాణం మీదకొస్తుంది. పైగా ఉప్పు పేరుకుని కన్నం మూసుకుపోతుంది.

ఆమదాలవలస
మాస్టారూ, మీ టిన్ను సంపు కంటే పైనుందా, కిందుందా?

కోట వెనక వీధి
కిందే, నేల మీద.

ఆమదాలవలస
అదీ తేడా. మీకు భయం సంపులో నీరు వెనక్కి టిన్నులోకి రావడం గురించి. వాల్వు దాన్ని ఆపుతాది. ఆయనకి నీరు ముందుకి పోయింది. ముందుకి పోయే నీటికి వాల్వు ఎప్పుడూ దారిస్తాది, దాని పనే అది.

బండిలోంచి పెట్రోలు తీసేటప్పుడు గొట్టాన్ని నోటితో ఒక్కసారి లాగి వదిలీస్తాం. ఆ పైన ఎవరూ లాగక్కర్లేదు. ఇక్కడ ఆ మొదటి లాగుడు పంపు లాగింది. టిన్నులో నీటిమట్టం గొట్టం చివర కంటే, చివర మునిగుంటే సంపు నీటిమట్టం కంటే, ఎత్తులో ఉన్నంతసేపూ కారుతూనే ఉంటాది. చివర నీళ్లలో మునిగినా, గాలిలో వేలాడినా ఒకటే. సంపులో చివరని నీటికి పైకి కట్టుకుంటే చాలని చాలామంది అంటారు. టిన్ను పైనున్నప్పుడు అది చాలదు.

కన్నం పెట్టాల్సిందే, కానీ చోటు చూసుకోవాలి. గొట్టం టిన్నులోంచి బయటకి రాకముందే, మూతి దగ్గర, టిన్ను నిండా ఉన్నప్పటి నీటిమట్టానికి పైన. 2 మిల్లీమీటర్లు చాలు, కిందకి చూసేలా. చిమ్మిన నీరు మళ్లీ టిన్నులోనే పడతాది, గోడ తడవదు. పంపు ఆగగానే ఆ కన్నంలోంచి గాలి దూరి నీటి ధార తెగిపోతాది. అక్కడుండేది మంచినీరు కాబట్టి ఉప్పూ పేరుకోదు. మీరు చెప్పిన ఉప్పు సంపు వైపు పెట్టిన కన్నాలకి పడతాది.

కోట వెనక వీధి
చిమ్మడం సంగతి ఒప్పుకున్నాను. అయినా టిన్నుని నేల మీద పెట్టుకుంటే ముందుకి లాగే గొడవే ఉండదు కదండీ. కన్నం ఎప్పుడో ఒకప్పుడు పూడుకోవచ్చు. ఎత్తులో తేడా ఎక్కడికీ పోదు.

పలాస
ఎత్తు సంగతి నిజమే, నేనూ నేల మీదే పెట్టాను. కానీ వాల్వుని నమ్మకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్నుంచి ఏది బిగించినా కరెంటు తీసి చూడటం అలవాటైంది. రిటర్న్ పంపు (సంపులోంచి పై ట్యాంకుకి నీరెత్తేది) ఆగితే పై ట్యాంకు నీరు కొంత సంపులోకి దిగుతుంది. మామూలప్పుడు నీటికి మూడు వేళ్లు పైనున్న గొట్టం చివర అప్పుడు మునిగిపోతుంది. వాల్వు లేకపోతే గొట్టంలో నీరు పంపు ఆగినప్పుడే టిన్నులోకి జారిపోయి గాలి నిండి ఉంటుంది, ఏమీ కాదు. వాల్వుంటే గొట్టం నిండుగా నిలబడి ఉంటుంది. వాల్వు రెక్క కింద ఇసుక రేణువొకటి ఇరుక్కుంటే చాలు, ఉప్పునీరు టిన్నులోకి దిగుతుంది. నాకు అదే అయింది. టిన్నులో వేలు ముంచి నాలుకకి తగిలించి చూస్తే ఉప్పగా ఉంది.

కోట వెనక వీధి
గొట్టం నిండుగా ఉండిపోతుందన్నది నాకు తట్టలేదు. ఈ రాత్రే రిటర్న్ పంపు ఆపి, చివర ఎక్కడిదాకా మునుగుతుందో చూస్తాను. టిన్ను మాత్రం కిందే ఉంచుతాను, అది మార్చను.

నాగావళి గట్టు
మాకు కింద చోటు లేదండి, టిన్ను స్టూలు మీదే ఉండాలి. అందుకే కన్నం పెట్టాను. పంపు ప్లగ్గు తీయగానే గుర్రుమని గాలి లాక్కుంది. పారదర్శకమైన గొట్టం కాబట్టి నీరు రెండుగా విడిపోయి ఒకటి టిన్నులోకి, ఒకటి సంపులోకి జారిపోవడం కళ్లారా చూశాను. సంపు అద్దం మీద మార్కరుతో గీత గీశాను. గంటైంది, నీరు గీత మీదే ఉంది. ఉప్పు మాత్రం ఒక్కసారే పెంచను. ఆవిరైన నీటి బదులు రోజూ కొంచెం ఉప్పునీరే పోస్తూ 35కి తెస్తాను.

ఆమదాలవలస
అలాగే చెయ్యండి అన్నయ్యా. టిన్ను నింపినప్పుడల్లా కన్నం నీటికి పైనుందో లేదో ఒకసారి చూసుకోండి. మూతి దాకా పోసీస్తే అది మునిగిపోతాది.