ధ్వని డ్రైవర్లలో రేస్ కండిషన్: అంతటికీ ఒకే మ్యూటెక్స్ సరిపోతుందా?

గోదారిగట్టు:
లినక్స్ కెర్నల్‌లోని ధ్వని వ్యవస్థ ఆల్సాలో 2022లో బయటపడిన సీవీఈ-2022-1048 అనే భద్రతా లోపం గురించి చర్చించాలని ఉంది. ఇది రేస్ కండిషన్, అంటే ఒకేసారి నడిచే రెండు పనులు ఒకదానికొకటి అడ్డొచ్చి తప్పు జరగడం. ఒక థ్రెడ్ (ప్రోగ్రాములో విడిగా నడిచే పని) హెచ్‌డబ్ల్యూ_పారమ్స్ అనే ఐఆక్టల్‌తో (కెర్నల్‌కు ఇచ్చే ఆదేశం) పీసీఎం బఫర్‌ను, అంటే ధ్వని డేటా ఉండే మెమరీని, సిద్ధం చేస్తుండగా, అదే స్ట్రీమ్ మీద మరో థ్రెడ్ ఆ బఫర్‌ను విడుదల చేసే హెచ్‌డబ్ల్యూ_ఫ్రీని పిలిస్తే, విడుదలైపోయిన మెమరీని కెర్నల్ మళ్లీ వాడే ప్రమాదం ఉండేది. బఫర్_మ్యూటెక్స్ అనే కొత్త లాక్ (ఒకసారి ఒకరినే రానిచ్చే తాళం; మిగతావారు నిద్రపోయి వేచి ఉంటారు) చేర్చి దీన్ని సరిదిద్దారు. చదవడం, రాయడంతో సహా బఫర్‌ను తాకే ప్రతి పనినీ ఈ ఒక్క లాక్ కిందికే తేవాలని నా వాదన. లాకుల సంఖ్య పెరిగేకొద్దీ ఏది దేన్ని కాపాడుతోందో డ్రైవర్ రాసేవారికి అంతుపట్టకుండా పోతుంది.

శ్రుతిలయ:
గోదారిగట్టు గారూ, మ్యూటెక్స్ అవసరమన్నంతవరకు మీతో ఏకీభవిస్తాను. అప్పటికే ఉన్న స్ట్రీమ్ లాక్ సాధారణంగా స్పిన్‌లాక్, అంటే నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే తాళం. పీరియడ్ (బఫర్‌లో ఒక భాగం) పూర్తయిందని సౌండ్ కార్డు పంపే ఇంటరప్ట్ (తక్షణ సంకేతం) కూడా దాన్నే తీసుకుంటుంది. 48,000 హెర్ట్జ్ దగ్గర 256 ఫ్రేముల పీరియడ్ అంటే దాదాపు 5.33 మిల్లీసెకన్లు; అంత తరచుగా వచ్చే ఇంటరప్ట్‌ను ఆపి ఉంచకూడదు. పైగా, నిద్రపోయే అవకాశమున్న మెమరీ కేటాయింపును స్పిన్‌లాక్ పట్టుకుని చేయకూడదు.

అయితే చదవడం, రాయడం విషయంలో మీ ప్రతిపాదన నిలవదు. మ్యూటెక్స్ పట్టుకుని యూజర్ మెమరీ నుంచి డేటా కాపీ చేస్తుండగా పేజీ ఫాల్ట్ వస్తే (ఆ పేజీ మెమరీలో సిద్ధంగా లేకపోతే) కెర్నల్‌కు ఎమ్‌మ్యాప్_లాక్ (ప్రోగ్రాము మెమరీ పటాన్ని కాపాడే తాళం) కావాలి. ఓఎస్ఎస్ (ఆల్సాకు ముందున్న పాత ధ్వని వ్యవస్థ) అనుకూలత పొరలో ఎమ్‌మ్యాప్ (బఫర్‌ను ప్రోగ్రాము మెమరీలోకి కలిపే పిలుపు) పిలిచినప్పుడు వరుస తిరగబడుతుంది: ముందు ఎమ్‌మ్యాప్_లాక్ చేతిలో ఉంటుంది, ఆ తర్వాత పారామితుల కోసం బఫర్_మ్యూటెక్స్ అడుగుతుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోతే డెడ్‌లాకే. అందుకే చదివే, రాసే దారిలో మ్యూటెక్స్ తీసేసి బఫర్_యాక్సెసింగ్ అనే అటామిక్ కౌంటర్ పెట్టారు. చదువుతున్నవారు, రాస్తున్నవారు ఉంటే అది ధనాత్మకంగానూ, బఫర్‌ను మారుస్తున్నవారు ఉంటే రుణాత్మకంగానూ ఉంటుంది. ఎదుటి పక్షం నుంచి ఎవరు వచ్చినా ఎదురుచూడకుండా ఈబిజీతో (‘ప్రస్తుతం వాడకంలో ఉంది’ అనే ఎర్రర్ కోడ్) వెనుదిరుగుతారు.

కొండపల్లి_కోడ్:
లాకులు ఎన్ని అన్నదానికన్నా అవి ఏ ఫంక్షన్‌లో ఉన్నాయన్నదే ముఖ్యమని నేననుకుంటాను. ఆల్సాలోనే బయటపడిన మరో లోపం సీవీఈ-2023-0266లో కంట్రోల్స్_ఆర్‌డబ్ల్యూసెమ్ అనే లాక్ ఉండనే ఉంది. కానీ ఆ లాక్‌ను అసలు పని చేసే లోపలి ఫంక్షన్ కాక, దాన్ని పిలిచే పై ఫంక్షన్ తీసుకునేది; 32 బిట్ల ప్రోగ్రాముల దారి మాత్రం ఆ ఫంక్షన్‌ను దాటి నేరుగా లోపలికి వెళ్లేది. లాక్‌ను లోపలి ఫంక్షన్‌లోకి మార్చడమే పరిష్కారమైంది. ఈ లోపాన్ని ఆండ్రాయిడ్ ఫోన్ల మీద దాడుల్లో వాడారని గూగుల్ 2023 మార్చిలో వెల్లడించింది కనుక, దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయలేం.

గోదారిగట్టు:
డెడ్‌లాక్ చిక్కును అంగీకరిస్తున్నాను. అయినా ఈబిజీ నాకు సమ్మతం కాదు. నిన్నటిదాకా సఫలమైన పిలుపు ఇవాళ విఫలమైతే పాత ప్రోగ్రాముల గతేమిటి?

శ్రుతిలయ:
అలా ఢీకొన్న పిలుపు నిన్న కూడా నిజంగా సఫలం కాలేదండీ. విడుదలైన పేజీల్లోకి డేటా రాసి, సున్నా కన్నా పెద్ద సంఖ్యను తిరిగి ఇచ్చి, తప్పును దాచిపెట్టింది. ఒక థ్రెడ్ రాస్తుండగానే మరో థ్రెడ్ బఫర్‌ను విడుదల చేసే ప్రోగ్రాముకు తప్పు ఎక్కడుందో చూపించే జవాబు ఈబిజీయే.