చెల్లియో చెల్లకో: కృష్ణుడు ఎవరినీ చెల్లీ అని పిలవడం లేదు

రాయబారం పద్యంలో కృష్ణుడు "చెల్లీ" అని ఎవరిని పిలుస్తున్నాడని నిన్న ఒక తమ్ముడు అడిగితే కొందరు నవ్వారు. అందులో నవ్వేదేం లేదు. పాటగా విని పెరిగినవాళ్లకు ఆ మాట అట్లనే వినిపిస్తుంది, పుస్తకంలో చూస్తే తప్ప విడిపోదు. ముందు పద్యం మొత్తం పెడుతున్నా.

చెల్లియొ చెల్లకో తమకు జేసిన యెగ్గులు సైచిరందరున్
దొల్లి గతించె, నేడు నను దూతగ బంపిరి సంధి సేయ, నీ
పిల్లలు పాపలుం బ్రజలు పెంపు వహింపగ బొందు సేసెదో
యెల్లి రణంబు గూర్చెదవొ యేర్పడ జెప్పుము కౌరవేశ్వరా!

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం నాటకంలోది ఇది. 1967లో కమలాకర కామేశ్వరరావు గారు తీసిన శ్రీకృష్ణావతారంలో రాయబారం ఘట్టానికి ఈ నాటకం పద్యాలే వాడారు, ఎన్టీఆర్‌కు ఘంటసాల పాడారు. హనుమకొండలో మా ఇంట్లో పండక్కి అందరం కూడితే సినిమా అంతా కాకపోయినా ఆ ఘట్టం మాత్రం పెట్టాల్సిందే.

చెల్లు అంటే సాధ్యపడడం. చెల్లని నోటు అంటాం కదా, ఆ చెల్లే. "చేతనయ్యే ఊరుకున్నారో, చేతగాకే ఊరుకున్నారో, తమకు చేసిన కీడంతా పాండవులు ఓర్చుకున్నారు" అని అర్థం. "తమకు" అంటే ఇక్కడ దుర్యోధనుడిని మర్యాదగా పిలవడం కాదు, పాండవులు తమకే అని. ఎగ్గు సిగ్గూ ఎగ్గూలోది. సైచు అంటే సహించు, జ్వరమొస్తే అన్నం సయిస్తలేదు అంటాం చూడండి, దానికి దగ్గరి మాట.

నాకు ఈ ఎత్తుగడ మీద ఎంత చెప్పినా తనివి తీరదు. పాండవులు బలవంతులు, పోనీలే అని ఊరుకున్నారు అని కృష్ణుడు అంటే దుర్యోధనుడికి రోషం వస్తుంది. పాపం వాళ్లకు చేతగాలేదు అంటే పంపినవాళ్ల పరువు పోతుంది. రెంటిలో ఏదైనా కానీ అని ఆ వాదాన్నే పక్కన పెట్టి, ఓర్చుకున్నారన్న ఒక్క సంగతినే ముందు నిలబెట్టాడు. సంధికి వచ్చినవాడు మాట్లాడాల్సిన తీరు అది!

ఇంకోటి, చాలామంది దాటేసి పోయేది. తొల్లి, నేడు, ఎల్లి. జరిగిపోయింది, ఇవాళ, రేపు. ఎల్లుండిలో ఉన్న ఎల్లి అదే. మూడు కాలాలూ ఒక్క ఉత్పలమాలలో ఇమిడాయి, అందులో తొల్లి, ఎల్లి రెండూ సరిగ్గా ప్రాస పడే చోట కూర్చున్నాయి (చెల్లి, దొల్లి, పిల్ల, యెల్లి). ప్రాస కోసం తెచ్చిపెట్టిన మాటలే అనుకున్నా, రాయబారమంతా వాటి మీదే నడుస్తోంది, పోయింది పోయింది, ఇవాళ నేను వచ్చాను, రేపు ఏమిటన్నది నీ చేతిలో ఉంది అని.

పాడేవాళ్లకు చిక్కు రెండో పాదం చివర వస్తుంది. "నీ" అక్కడ వేలాడుతుంది, దాని అర్థం మూడో పాదంలో "పిల్లలు పాపలుం" దగ్గర గానీ తెలియదు. పాదం చివర ఊపిరి తీసి రాగం సాగదీస్తే "సంధి సేయనీ" అనిపిస్తుంది, చెయ్యనివ్వు అన్నట్టు. స్టేజీ మీద వన్స్ మోర్ల ఊపులో ఇట్లాంటివి జరగడం సహజమే. సినిమాలో రాగానికి అంత చోటు ఉండదు కాబట్టి మాట ముందుకొస్తుంది, ఘంటసాల మాట విరుపు కూడా తోడై ఒక్కసారి వింటేనే అర్థం అందుతుంది. పద్యనాటకం అభిమానులు కోప్పడినా సరే, అర్థం పట్టుకోవడానికి నేను సినిమానే ముందు వినమంటాను, రాగం కోసం తర్వాత నాటకానికి పోవచ్చు.

— అన్నా, "ఏర్పడ" సంగతి చెప్పలేదు. మా ములుగు దిక్కు అన్నదమ్ములు భాగాలు పంచుకుంటే ఏరుపడ్డరు అంటరు. ఇక్కడ కూడా అదేనా? పంచాయితీ భాగాల గురించే కదా.

మంచి ప్రశ్న తమ్ముడూ, కథకు భలే అతుకుతుంది కానీ ఇక్కడ అది కాదు. ఏర్పడ చెప్పు అంటే స్పష్టంగా, తేల్చి చెప్పు అని. "పొందు సేసెదో, రణంబు గూర్చెదవొ" అని రెండు దారులు చూపించాడు కదా, అందులో ఏదో ఒకటి తేల్చమంటున్నాడు.

— "తొల్లి" సైచిరికి చెందుతుందా, గతించెకా?

రెండు రకాలుగానూ చదవచ్చు అక్కా. "అందరూ ఓర్చుకున్నారు, వెనకటిది గతించింది" అని ఒకటి, "వెనక అందరూ ఓర్చుకున్నారు, అదంతా గతించింది" అని ఇంకొకటి. నా మొగ్గు మొదటిదానికే, ఎందుకంటే "తొల్లి గతించె" తర్వాత వెంటనే "నేడు" వస్తేనే ఆ ఎదురుబొదురు బలంగా పడుతుంది. రెండోది తప్పని మాత్రం అనను.