జీఎం-సీఎస్‌ఎఫ్‌ను ఆపాలా, ఎక్కించాలా?

ల్యాబ్‌పిల్ల: జీఎం-సీఎస్‌ఎఫ్ అంటే తెల్ల రక్తకణాలను పెంచి, చురుకు చేసే సంకేత ప్రొటీన్. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్లను వాచేలా చేసే జబ్బు) కీళ్ల మాక్రోఫేజ్‌లను (క్రిములను, చెత్తను మింగే రక్షణ కణాలను) రెచ్చగొడుతుందని దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు తయారుచేశారు. అదే ప్రొటీన్‌ను ఊపిరితిత్తుల జబ్బుకు మందుగా పీల్పిస్తున్నారు. కోవిడ్‌లోనైతే కొందరు ఇచ్చి చూశారు, కొందరు ఆపి చూశారు! నా లెక్కలో ఇది వాపు పెంచే సంకేతం, ఆపడమే సరి. కాదనేవాళ్లు రండి.

ఊపిరి77: నేను కాదంటాను. 1994లో ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు లేని ఎలుకలను పుట్టించి చూస్తే రక్తకణాలకు పెద్దగా ఏమీ కాలేదు. దెబ్బతిన్నది ఊపిరితిత్తులు! గాలి గదుల్లో సర్ఫాక్టెంట్ (అవి మూసుకుపోకుండా ఉంచే కొవ్వు పదార్థం) పేరుకుపోయింది. దాన్ని మింగిన మాక్రోఫేజ్‌లు అరిగించుకోలేక కొవ్వుతో ఉబ్బిపోయాయి. మనుషుల్లో పల్మనరీ ఆల్వియోలార్ ప్రొటీనోసిస్ అనే జబ్బు ఇదే. సుమారు 90 శాతం కేసుల్లో సొంత యాంటీబాడీలే జీఎం-సీఎస్‌ఎఫ్‌ను కట్టేస్తాయి. అప్పుడు మత్తిచ్చి, ఒక ఊపిరితిత్తికి వెంటిలేటర్ పెట్టి, రెండోదాన్ని సెలైన్‌తో కడుగుతారు. మొదట బయటికొచ్చేది అచ్చం పాలలా ఉంటుంది, కడిగేకొద్దీ తేటపడుతుంది. పీల్చే మోల్గ్రామోస్టిమ్‌తో (మందుగా తయారుచేసిన జీఎం-సీఎస్‌ఎఫ్‌తో) ఆక్సిజన్ అందడం మెరుగైందని ట్రయల్స్‌లో తేలింది. మీరు ఆపమంటున్నది దీన్నే.

ల్యాబ్‌పిల్ల: అది ఊపిరితిత్తుల సంగతి. కీలులో ఏ సర్ఫాక్టెంట్ ఉందండీ?

మోకాలిచిప్ప: ల్యాబ్‌పిల్ల గారి మాటలో సగం నిజం. జీఎం-సీఎస్‌ఎఫ్ సంకేతాన్ని కణాల దగ్గర అడ్డుకునే యాంటీబాడీ మావ్రిలిముమాబ్ ఇస్తే కీళ్ల వాపు తగ్గింది, ట్రయల్స్‌లో ప్రొటీనోసిస్ కూడా కనిపించలేదు. కానీ జీఎం-సీఎస్‌ఎఫ్‌నే పట్టేసే మరో యాంటీబాడీ ఓటిలిమాబ్ మూడో దశ ట్రయల్స్ ఫలితాలు చూశాక, 2022లో కంపెనీ అనుమతికి దరఖాస్తు చేయబోమని చెప్పేసింది. కీళ్ల దగ్గర వాపు పెంచే సంకేతాలు టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 కూడా ఉన్నాయి మరి. ఒక్కదాని నోరు నొక్కితే మిగతావి ఊరుకుంటాయా?

ఊపిరి77: అసలు విషయం, సంకేతం ఎవరు పంపుతున్నారన్నది. ఊపిరితిత్తుల్లో గాలి గదుల గోడల్లోని రెండో రకం ఎపిథీలియల్ కణాలు జీఎం-సీఎస్‌ఎఫ్‌ను రోజూ విడుదల చేస్తుంటాయి. దాంతో మాక్రోఫేజ్‌లో పీపార్-గామా (జన్యువులను నడిపే ప్రొటీన్) పనిచేసి, కొవ్వును అరిగించే జన్యువులు నడుస్తాయి. వాచిన కీలులోనేమో టీ కణాలు (మరో రకం రక్షణ కణాలు) లాంటివి దాన్ని కుమ్మరిస్తాయి. ప్రొటీన్ ఒకటే, ఇల్లు వేరు, పని వేరు. దానికి మంచి, చెడు అని ముద్ర వేయడం నాకు నచ్చదు.

ల్యాబ్‌పిల్ల: బాగుంది. అయితే ఆపే మందు వాడేవాళ్ల ఊపిరితిత్తులను ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలి?

మోకాలిచిప్ప: ట్రయల్స్‌లో స్పైరోమెట్రీ (ఎంత గాలి ఊదగలరో చూసే పరీక్ష), డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో చూసే పరీక్ష) చూశారు. సర్ఫాక్టెంట్ మెల్లగా పేరుకునే సరుకు. ఏళ్ల తరబడి వాడించేట్టయితే ఆ పరీక్షలు అన్నాళ్లూ చేయాల్సిందే. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఇంకో గొడవ, దానికి వేరే చర్చ తెరవండి.