అప్‌డేట్: మూసిన పెట్టెలో సెన్సర్ ఎక్కువ వేడి చూపించడం – పరిష్కారం దొరికింది

విజయవాడలో మా డాబా మీద పెట్టిన టెంపరేచర్ మీటర్ (ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు, డీహెచ్‌టీ22 అనే వేడి, తేమ కొలిచే సెన్సర్) పెట్టె మూత బిగించగానే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని అడిగాను కదా. సమాధానం ఇచ్చిన అందరికీ థాంక్స్, సమస్య తీరింది.

సెన్సర్‌ని బోర్డు ఉన్న పెట్టెలోంచి బయటికి తీయమన్న సలహానే పనిచేసింది. బోర్డు మీది రెగ్యులేటర్ 5 వోల్టులను 3.3కి దించేటప్పుడు మిగిలినదంతా వేడిగా వదిలేస్తుంది. వైఫై నడుస్తుంటే చిప్ కూడా వేడెక్కుతుంది. మూసిన పెట్టెలో ఆ వేడంతా సెన్సర్‌కే తగులుతోంది. అసలే మన రోహిణి కార్తె ఎండలు! ఇప్పుడు సెన్సర్‌ని చిన్న వైరుతో కిందికి దించి, తెల్ల ప్లాస్టిక్ ప్లేట్లు బోర్లించి మధ్యలో గాలి ఆడేలా ఒకదాని కింద ఒకటి బిగించాను. నీడ, గాలి రెండూ దొరికాయి. రీడింగ్ ఇప్పుడు నీడలో వేలాడదీసిన మామూలు థర్మామీటర్‌తో కలుస్తోంది. బోర్డు మాత్రం పాత పీవీసీ జంక్షన్ బాక్సులోనే ఉంది. వాన నీళ్లు దిగకుండా వైర్లన్నీ అడుగు నుంచే తీశాను.

సెన్సర్ మార్చడం, కోడ్‌లో లైబ్రరీ (సెన్సర్‌ని చదివే రెడీమేడ్ కోడ్) మార్చడం వల్ల ఏ తేడా రాలేదు. కొత్త సెన్సర్ కూడా ఆ పెట్టెలో అంతే చూపించింది. రేకు డబ్బా జోలికి మాత్రం వెళ్లకండి, వైఫై సిగ్నల్‌ని అడ్డుకుంటుంది.