టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయింలు చూసే సంస్థ) కోసేసిన క్లెయిం సొమ్ము: బ్యాడ్ డెట్ (రాని బాకీ) రాయొచ్చా?

నర్సింగ్‌హోం_లెక్కలు: మర్కెంటైల్ పద్ధతి (డబ్బు రాకముందే బిల్లుని ఆదాయంగా రాసే) పుస్తకాలు. 1,00,000 బిల్లుకి టీపీఏ 82,000 మంజూరు చేసింది, బ్యాంకులో పడింది 73,800. తేడా 26,200 మొత్తం రైటాఫ్ చేయొచ్చా (పుస్తకాల్లో కొట్టేయొచ్చా)?

బెజవాడ_ఆడిటర్: అంతా ఒకే గాటన కట్టకండి. అందులో 8,200 అసలు నష్టమే కాదు, 82,000 మీద 1961 ఆదాయపు పన్ను చట్టం 194జె సెక్షన్ కింద ముందే పట్టుకున్న 10 శాతం పన్ను (టీడీఎస్). మీ పేరున జమైన పన్నులు చూపే 26ఏఎస్‌లో కనిపిస్తుంది. దాన్ని ఖర్చు రాసి, మళ్లీ క్రెడిట్ కూడా అడిగితే నోటీసుని పిలిచి తెచ్చుకున్నట్టే.

మిగతా 18,000కి సెటిల్‌మెంట్ లెటర్ తీసి లైను లైనూ చూడండి. ఎంఓయూ (ముందే రాసుకున్న ఒప్పందం) డిస్కౌంట్ అయితే రాబడిలోంచే తగ్గించాలి, అది బాకీ కాదు. గ్లవ్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటి నాన్-పేయబుల్స్ (బీమా ఇవ్వనివి) పేషెంటు ఇవ్వాల్సినవి, డిశ్చార్జి రోజే వసూలు చేసుకోవాలి. టీపీఏ అడిగిన క్వెరీకి జవాబు పంపక ఆగినవి ఇంకా బతికున్న బాకీలే.

కోఠి_సీఏ: ఇక నిజంగా రానివి. 1961 చట్టం 36(1) ఏడో క్లాజు ప్రకారం పుస్తకాల్లో కొట్టేస్తే చాలు, రాదని రుజువు చూపనక్కర్లేదని టీఆర్‌ఎఫ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఉత్త ప్రొవిజన్ (రాకపోవచ్చని పక్కన పెట్టే మొత్తం) మాత్రం చెల్లదు. ఆ బిల్లు అంతకుముందో ఆ ఏడాదో ఆదాయంలోకి ఎక్కి ఉండాలి. తర్వాత ఎప్పుడైనా వసూలైతే 41(4) కింద ఆ ఏడాది ఆదాయం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి, చూసుకోండి.

గుంటూరు_క్లినిక్: క్యాష్ పద్ధతిలో (డబ్బు అందాకే ఆదాయం) రాసేవాళ్లకి, సార్?

కోఠి_సీఏ: ఆదాయంలో చూపనే లేదు కదండీ, కొట్టేయడానికి ఏముంది! లాభాన్ని అంచనాగా చూపే 44ఏడీఏ సెక్షన్‌లో ఉన్నా అంతే, సగం రాబడి లాభంగా చూపాక విడిగా బ్యాడ్ డెట్ ఉండదు.

హ్యూస్టన్_బిల్లింగ్: అమెరికాలోనూ క్యాష్ బేసిస్ ప్రాక్టీసులకి ఇదే రూలు. ఇన్సూరెన్సు ఎగ్గొట్టిన క్లెయిం డిడక్షన్ కాదు, డాక్టరు గారి శ్రమకి విలువ కట్టి తీసేసుకోవడం కుదరదు.

నర్సింగ్‌హోం_లెక్కలు: ఆరోగ్యశ్రీ బకాయిల సంగతేంటండీ?

బెజవాడ_ఆడిటర్: సర్కారు బాకీ ఆలస్యమవుతుంది గానీ పోయినట్టు కాదు. ఆలస్యమైందని గంపగుత్తగా కొట్టేయకండి, రిజెక్టయిన క్లెయింలే తీయండి. ఇబ్బందల్లా మర్కెంటైల్‌లో చేతికి రాని డబ్బుకీ అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. ఇంకోటి, ‘టీపీఏ బాకీలు’ అని ఒకే లెడ్జర్ పెట్టుకోవద్దు. టీపీఏకొకటి తెరిచి, ట్యాలీలో బిల్-వైజ్ ఆన్ చేసి, క్లెయిం నంబరే రిఫరెన్సుగా వేయండి. రైటాఫ్ ఎంట్రీ నరేషన్‌లోనూ ఆ నంబరు రాయండి, పన్ను శాఖ స్క్రూటినీలో (తనిఖీలో) మొదట అడిగేది అదే.